పెరుగు, కొవ్వు, జన్యువులు

పెరుగు తోడుపెట్టని ఇల్లు మన పల్లెలలో అరుదు. ముండ్లమూరు, దర్శి వంటి మెట్ట ప్రాంతాలలో ఎండాకాలం మజ్జిగ తాగనిదే పొలం పని సాగదు. రాత్రి గోరువెచ్చని పాలలో చెంచాడు పాత పెరుగు కలిపి మూతపెడితే తెల్లవారేసరికి అది గడ్డకడుతుంది. ఈ పని చేసే ఇల్లాలు నిజానికి సూక్ష్మజీవుల సేద్యం చేస్తున్నదన్నమాట. ఆ తోడులో ఉన్న లాక్టోబాసిల్లస్, స్ట్రెప్టోకాకస్ మొదలైన బాక్టీరియాలు పాలలోని చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తవి. ఆ పులుపుకు పాలలోని మాంసకృత్తు గట్టిపడి పెరుగవుతుంది.

ఇంతవరకు పాత సంగతే. ఇటీవల ఈ జాతి బాక్టీరియాలనే 'ప్రోబయోటిక్' అన్న పేరుతో చిన్న సీసాలలోను, గొట్టపు మాత్రలలోను, పొడి పొట్లాలలోను నింపి మందుల దుకాణాలలో అమ్ముతున్నారు. విరేచనాలకు వాడేవి కొన్ని. బరువు తగ్గడానికని చెప్పి అమ్మేవి మరికొన్ని. నెల తిరిగేసరికి వీటి ఖర్చు ఒక కూలి కుటుంబానికి తక్కువేమీ కాదు. పైగా 'ఇవి జన్యువుల మీద పనిచేస్తవి' అన్న మాట కూడ ప్రచారంలోకి వచ్చింది. జన్యువు అనగానే మనవారికి అది విధి వ్రాతలాగ వినిపిస్తుంది. కాబట్టి ఈ విషయాన్ని కొంచెం విడమరచి చూడడం అవసరం. ఇందులో రెండు ప్రశ్నలున్నవి. కడుపులోకి వెళ్ళిన సూక్ష్మజీవి మన జన్యువుల పనిని మార్చగలదా అన్నది మొదటిది. మార్చితే మన లావు తగ్గుతుందా అన్నది రెండవది. మొదటిదానికి సమాధానం అవుననే. రెండవదానికి అంత సులభంగా అవుననడానికి వీలులేదు.

ముందు లావు అంటే ఎంతో చూద్దాము. మనిషి బరువును కిలోలలో తీసుకొని, ఎత్తును మీటర్లలో కొలిచి, ఆ ఎత్తు వర్గంతో భాగిస్తే ఒక అంకె వస్తుంది. భారతీయులకు ఆ అంకె 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం అని మన వైద్యనిపుణులు 2009లో ఒక అంగీకారానికి వచ్చారు. 160 సెంటీమీటర్ల ఎత్తున్న స్త్రీకి 64 కిలోలు దాటితే ఈ లెక్క ప్రకారం స్థూలకాయమే. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మూడోవంతుకు పైగా స్త్రీలు 25 గీతను దాటి ఉన్నారు. ఇది పట్టణాల జబ్బు, డబ్బున్నవారి జబ్బు అని తోసివేయడానికి ఇక వీలులేదు.

ఇక జన్యువులు. మన శరీరంలో కోటానుకోట్ల జీవకణాలున్నవి. చర్మంలోని కణానికీ, కాలేయంలోని కణానికీ, కొవ్వు నిలవచేసే కణానికీ రూపంలోను పనిలోను పోలికే లేదు. అయినా వాటన్నిటిలో ఉన్న జన్యువులు ఒక్కటే. మాంసకృత్తులను తయారుచేయించే జన్యువులు సుమారు 20,000. తేడా ఎక్కడ వస్తున్నది? ఒకప్పటి కరణంగారి దస్తరాన్ని జ్ఞాపకం తెచ్చుకోండి. ఊరి భూములన్నిటి లెక్క ఆ పెట్టెలో ఉంటుంది. కాని ఏ రోజు ఏ కాగితానికి నకలు తీస్తే ఆ నకలు ప్రకారమే బయట పని జరుగుతుంది. పెట్టెలోని కాగితం అక్కడే భద్రంగా ఉంటుంది. జీవకణంలో కూడ ఇంతే. డి.ఎన్.ఏ. దస్తరం. అవసరమైన జన్యువుకు ఆర్.ఎన్.ఏ. అనే నకలు తయారవుతుంది. ఆ నకలును బట్టి మాంసకృత్తు తయారవుతుంది. ఏ జన్యువుకు ఎన్ని నకళ్ళు తీయబడుతున్నవన్నదే జన్యు వ్యక్తీకరణ. దస్తరంలో ఒక్క అక్షరం మారకుండానే నకళ్ళ లెక్క మారవచ్చు. తిండి, నిద్ర, హార్మోనులు, మందులు, సూక్ష్మజీవులు అన్నీ ఈ లెక్కను పెంచుతూ తగ్గిస్తూ ఉంటవి. కనుక 'జన్యువుల మీద పనిచేస్తుంది' అన్న మాట నిజమైనా అందులో అద్భుతమేమీ లేదు. మనం తినే అన్నం కూడ ఆ పని చేస్తూనే ఉంటుంది.

దస్తరమే మారితే ఏమవుతుందో చూడదలచినవారికి మన హైదరాబాదులోనే గొప్ప ఉదాహరణ ఉన్నది. తార్నాక దగ్గర ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ ఆధ్వర్యంలో బెరిబెరి జబ్బు విచారణగా ఆరంభమైంది. 1958లో హైదరాబాదుకు తరలివచ్చి 1969లో ఇప్పటి పేరు పొందింది. 1920 నుంచి ఈ సంస్థ ఒక తెల్ల ఎలుకల వంశాన్ని బయటి కలయిక లేకుండా పెంచుతూ వస్తున్నది. 1990లలో ఆ వంశంలో మితిమీరి లావెక్కే ఎలుకలు కొన్ని కనిపించినవి. ఎన్.వి. గిరిధరన్, ఆయన సహచరులు వాటిని విడదీసి డబ్ల్యు.ఎన్.ఐ.ఎన్./ఓబ్ అనే ప్రత్యేక శాఖగా స్థిరపరచారు. మామూలుగా ఈ జాతి ఎలుక అరకిలోకు అటూ ఇటూగా తూగుతుంది. ఈ శాఖలో ఒకటి దాదాపు కిలోన్నర తూగింది! ఇవి ఆగకుండా తింటవి. వీటి రక్తంలో ఇన్సులిన్, లెప్టిన్ అనే హార్మోనులు చాలా హెచ్చుగా ఉంటవి. పిల్లలు పుట్టవు. కళ్ళలో శుక్లాలు వస్తవి. ఆయుర్దాయం తక్కువ. లోపం 5వ క్రోమోజోములో, లెప్టిన్ గ్రాహకానికి సంబంధించిన జన్యువు పరిసరాలలో ఉన్నట్లు పరిశోధకులు గుర్తించారు. కొవ్వు కణాలు మెదడుకు 'ఇక చాలు' అని పంపే వర్తమానం లెప్టిన్. ఆ వర్తమానం సరిగా అందని ప్రాణి ఎంత తిన్నా ఆకలితోనే ఉంటుంది.

అయితే మనుష్యులలో ఇటువంటి ఒంటి జన్యులోపం వల్ల లావయ్యేవారు చాలా కొద్దిమంది. మిగిలినవారి విషయంలో దస్తరం దాదాపు సవ్యమే. నకళ్ళు తీయడంలోనే తేడా. సూక్ష్మజీవులకు ప్రవేశం దొరికేది ఇక్కడే.

మన ప్రేగులలో, ముఖ్యంగా పెద్దప్రేగులో, ఉన్న బాక్టీరియాల సంఖ్య మన శరీర కణాల సంఖ్యకు ఇంచుమించు సమానం. అన్నిటినీ కలిపి తూచితే సుమారు 200 గ్రాములు. 2010లో ప్రకటించిన లెక్క ప్రకారం వీటి జన్యువులు 33 లక్షలు. వీటికీ కొవ్వుకూ ఉన్న సంబంధాన్ని బయటపెట్టిన ప్రయోగం 2004లో అమెరికాలోని సెయింట్ లూయీ నగరంలో జెఫ్రీ గార్డన్ ప్రయోగశాలలో జరిగింది. అక్కడ కొన్ని చిట్టెలుకలను పుట్టుక నుంచి ఒక్క సూక్ష్మజీవి కూడ సోకకుండా గాజుతొట్టెల వంటి గదులలో పెంచారు. అవి సన్నగా ఉన్నవి. తరువాత మామూలు ఎలుకల ప్రేగులలోని సూక్ష్మజీవులను వాటికి ఎక్కించారు. 14 రోజులలో వాటి శరీరంలో కొవ్వు 60 శాతం పెరిగింది. విచిత్రమేమంటే అవి అంతకుముందు కంటె తక్కువ తిన్నవి!

తక్కువ తిని లావెక్కడం ఎట్లా? ఒక కారణం తేలికైనదే. మనం జీర్ణం చేసుకోలేని పీచును ఆ సూక్ష్మజీవులు విరగగొట్టి అందులోని శక్తిని కూడ అందిస్తవి. రెండవ కారణం మన విషయానికి కీలకమైనది. ప్రేగు గోడ కణాలలో ఒక జన్యువు ఉన్నది. దాని పని కొవ్వు నిలవలకు అడ్డుకట్ట వేసే ఒక మాంసకృత్తును తయారుచేయించడం. రక్తంలో ప్రవహించే కొవ్వును కొవ్వు కణాలలోకి చేర్చే ఎంజైము ఒకటున్నది. ఆ ఎంజైముకు ఈ మాంసకృత్తు కళ్ళెం. సూక్ష్మజీవులు ప్రవేశించగానే ప్రేగులలో ఈ జన్యువుకు నకళ్ళు తగ్గిపోయినవి. కళ్ళెం వదులైంది, కొవ్వు నిలవలు పెరిగినవి. ఈ కళ్ళెపు జన్యువు బొత్తిగా లేని ఎలుకలను తయారుచేసి సూక్ష్మజీవులను ఎక్కించి చూడగా వాటిలో కొవ్వు అంతగా పెరగలేదు. ప్రేగులో ఉన్న బాక్టీరియా ఎక్కడో పొట్ట క్రింద పేరుకునే కొవ్వును జన్యు వ్యక్తీకరణ ద్వారా ప్రభావితం చేయగలదని దీనితో రుజువైంది.

సూక్ష్మజీవులు కొవ్వును పెంచడమే చేస్తవనుకోరాదు. పీచును పులియబెట్టినప్పుడు అవి బ్యుటిరిక్ ఆమ్లం అనే పదార్థాన్ని తయారుచేస్తవి. వెన్న ముక్కిపోయినప్పుడు వచ్చే వాసన దీనిదే. డి.ఎన్.ఏ. పోగు కణంలో విడిగా ఉండదు. హిస్టోనులనే మాంసకృత్తుల కండెలకు చుట్టుకొని ఉంటుంది. బిగువుగా చుట్టుకొన్నచోట నకలు తీయడం సాధ్యం కాదు. ఈ ఆమ్లం ఆ చుట్టును కొన్నిచోట్ల సడలనిస్తుంది. అప్పుడు మూతపడి ఉన్న జన్యువులు కొన్ని తెరుచుకుంటవి. అదీగాక పీచునుంచి పుట్టే ఇటువంటి ఆమ్లాలు ప్రేగు కణాలను ప్రేరేపించి కడుపునిండిన భావం కలిగించే హార్మోనులను విడుదల చేయిస్తవి. జొన్న, సజ్జ, కొర్ర, కంది, అలసంద - వీటిలో ఈ పీచు సమృద్ధిగా ఉన్నది. మెట్ట ప్రాంతాలవారి పూర్వపు తిండి ఇదే. 1983లో కిలో 2 రూపాయల బియ్యం వచ్చిన తరువాత వరి అన్నం పేదల ఇంటికి కూడ చేరింది. అది ఆకలి తీర్చిన పథకమని ఒప్పుకుంటూనే, సంకటి ముద్దతో పాటు ప్రేగులలోని జీవులకు మేత కూడ తగ్గిందని చెప్పకతప్పదు.

జన్యువులను అదుపులో ఉంచే మార్గం ఇంకొకటున్నది. దస్తరంలోని కాగితం మీద 'దీనికి నకలు తీయవద్దు' అని చీటి అంటించడం వంటిది ఇది. డి.ఎన్.ఏ. మీద అక్కడక్కడ మిథైల్ అనే చిన్న రసాయన గుర్తు పడుతుంది; అది పడినచోట సాధారణంగా జన్యువు మౌనం వహిస్తుంది. ఈ గుర్తులు తయారుకావడానికి ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిన్ కావలె. ఇక్కడ తెలుగువాని పేరొకటి స్మరించవలసి ఉన్నది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకుడుగా ఉన్నప్పుడే, 1945లో, ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేయడం సాధ్యమైంది. ఆ పదార్థం జాడ పట్టడానికి ఉపయోగపడినది లాక్టోబాసిల్లస్ కేసీ, అనగా మన పెరుగు బాక్టీరియాల జ్ఞాతియే! ఫోలిక్ ఆమ్లం లేనిదే అది పెరగదు. కాబట్టి అది ఎంత పెరిగిందో చూసి ఫోలిక్ ఆమ్లం ఎంత ఉన్నదో కొలిచేవారు.

బి12 సంగతి మరీ విశేషమైనది. దీనిని మొక్కలు గాని జంతువులు గాని తయారుచేసుకోలేవు. బాక్టీరియాలు మాత్రమే చేయగలవు. ఆవు పొట్టలోని సూక్ష్మజీవులు చేసినది పాలలోకి వస్తుంది, పాలనుంచి పెరుగులోకి వస్తుంది. 2013లో హైదరాబాదు పోషకాహార సంస్థలో ఎం. రఘునాథ్, సి.సి.ఎం.బి. సంస్థలో జి.ఆర్. చందక్, వారి సహచరులు కలిసి ఒక ప్రయోగ ఫలితం ప్రకటించారు. తల్లి ఎలుకల మేతలో ఫోలిక్ ఆమ్లాన్ని, బి12ను తగ్గిస్తే వాటికి పుట్టిన పిల్లలలో కొవ్వు హెచ్చినది. రక్తంలోని కొవ్వు పదార్థాలు కూడ తారుమారైనవి. చందక్ బృందమే 2018లో, మనుష్యులకు బి12 ఇచ్చినప్పుడు మధుమేహంతో సంబంధమున్న కొన్ని జన్యువులపై మిథైల్ గుర్తులు మారినట్లు తెలియజేసింది. లావు కావడం, కాకపోవడం తల్లి కడుపులో ఉన్నప్పుడే కొంతవరకు మొదలవుతుందన్నమాట. మా దృష్టిలో పెరుగును గూర్చి ఆలోచించేటప్పుడు సీసాలోని బాక్టీరియా కంటె గర్భిణి కంచంలోని బి12 ముందుగా ఆలోచించదగినది.

ఇక అసలు ప్రశ్న: ప్రోబయోటిక్ తీసుకుంటే మనిషిలో ఏమి జరుగుతుంది? 2011లో హాలెండులోని శాస్త్రజ్ఞులు ఆరోగ్యవంతులైన ఏడుగురికి మూడు రకాల లాక్టోబాసిల్లస్ కలిపిన పానీయాలను వేర్వేరు రోజులలో ఇచ్చి, కొన్ని గంటల తరువాత చిన్నప్రేగు మొదటి భాగంనుంచి చిన్న ముక్క తీసి పరీక్షించారు. వందలకొలది జన్యువుల వ్యక్తీకరణ మారినది. ఒక్కొక్క రకం బాక్టీరియా ఒక్కొక్క తీరుగా మార్చినది. కాని అదే ప్రయోగంలో ఇంకొక సంగతి బయటపడింది: బాక్టీరియాకూ బాక్టీరియాకూ ఉన్న తేడా కంటె మనిషికీ మనిషికీ ఉన్న తేడాయే పెద్దది. ఈ ఏడుగురూ స్థూలకాయులు కారు.

స్థూలకాయులమీద జరిగిన పరిశోధనలలో 2014లో ఇరాన్ శాస్త్రజ్ఞులు ప్రకటించినది చెప్పుకోదగినది. అధిక బరువున్న 75 మందిని మూడు జట్లు చేసి 8 వారాలు పరీక్షించారు. ఒక జట్టు ప్రోబయోటిక్ పెరుగు తింటూ ఆహారం కూడ తగ్గించింది. ఒక జట్టు మామూలు పెరుగు తింటూ ఆహారం తగ్గించింది. మూడవ జట్టు ఆహారం తగ్గించకుండా ప్రోబయోటిక్ పెరుగు మాత్రం తిన్నది. రక్తంలోని తెల్లకణాలలో, వాపుకు సంబంధించిన కొన్ని జన్యువుల వ్యక్తీకరణను కొలిచారు. స్థూలకాయంలో శరీరమంతటా సన్నని సెగలాగ ఒక వాపు నిలిచి ఉంటుంది; అదే ఇన్సులిన్ పనిని చెడగొడుతుంది. ఆ జన్యువులు కొన్నిటిలో మార్పు కనిపించింది. బరువు మాట వచ్చేసరికి ఆహారం తగ్గించిన జట్లలోనే అది స్పష్టంగా తగ్గింది. జన్యు వ్యక్తీకరణ మారడం వేరు, ఒళ్ళు తగ్గడం వేరు అనడానికి ఇంతకంటె ఏమి కావలె?

2010లో జపాను పరిశోధకులు 87 మందిమీద చేసిన పరీక్ష కొంత ఆశాజనకమైనది. లాక్టోబాసిల్లస్ గాసెరి అనే జీవిలో ఒక ప్రత్యేక శాఖను కలిపిన పులిసిన పాలు రోజుకు 200 గ్రాముల చొప్పున 12 వారాలు ఇవ్వగా పొట్టలోపలి కొవ్వు 4.6 శాతం, బరువు 1.4 శాతం తగ్గినవి. 70 కిలోల మనిషికి అది ఒక కిలో! మానివేసిన తరువాత ఆ లాభం నిలువలేదని వారే మరొక పరీక్షలో చూపారు. వచ్చిన బాక్టీరియా చుట్టపుచూపుగా ఉండి వెళ్ళిపోతుంది గాని కాపురం పెట్టదు. 2018లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థవారు మనుష్యుల ప్రేగులలోపల పరీక్షించి చూడగా, కొందరిలో మాత్రమే ప్రోబయోటిక్ జీవులు గోడను పట్టుకొని ఉన్నవి. మిగిలినవారిలో అప్పటికే ఉన్న జీవులు వాటిని నిలువనీయలేదు.

2019లో బెల్జియంనుంచి వచ్చిన వార్త మరీ వింత. అక్కర్మాన్సియా అనే బాక్టీరియా మన ప్రేగు జిగురులో నివసిస్తుంది. స్థూలకాయులలో తరచు తక్కువగా ఉంటుంది. దానిని మూడు నెలలపాటు కొందరికి బ్రతికినదిగాను, కొందరికి వేడిచేసి చంపినదిగాను ఇచ్చారు. పరీక్ష పూర్తిచేసినవారు 32 మంది. ఇన్సులిన్ పనితీరు మెరుగుపడినది చచ్చిన బాక్టీరియా తిన్నవారిలో! దాని పైపొరలోని ఒక మాంసకృత్తు ఇందుకు కారణం కావచ్చునని భావిస్తున్నారు. బరువులో వచ్చిన మార్పు లెక్కకు నిలిచేటంతటిది కాదు.

ఇన్నిటిలోను గమనించవలసినది జీవి శాఖ. ఒంగోలు జాతి గిత్తను, పొట్టి పుంగనూరు ఆవును ఒకే బండికి కట్టము. బాక్టీరియాలలో శాఖాభేదం అంతకంటె ఎక్కువ. జపానులో పనిచేసిన శాఖ మన ఇంటి కుండలోని పెరుగులో ఉండవలెనని లేదు. ఇంకొక సంగతి: కోళ్ళ పెంపకంలో పిల్లలు త్వరగా బరువెక్కడానికి మేతలో ప్రోబయోటిక్ కలుపుతారు. ఒంగోలు తీరంలోని రొయ్యల రైతులకూ ఈ మాట బాగా పరిచితమే. చెరువు గట్టున బరువు పెంచడానికీ, పట్టణపు దుకాణంలో బరువు తగ్గించడానికీ ఒకే పేరు పనికివస్తున్నదంటే, పేరును చూసి కొనరాదనే అర్థం.

కొనదలచినవారు పెట్టె మీద చూడవలసినవి ఉన్నవి. జీవి పేరుతోపాటు దాని శాఖ గుర్తు ఉండవలె. మన దేశపు ఆహార ప్రమాణాల సంస్థ 2016 నిబంధనల ప్రకారం ప్రోబయోటిక్ ఆహారంలో రోజు మోతాదుకు 10 కోట్లకు తక్కువ కాకుండా సజీవ బాక్టీరియాలు ఉండవలె. ఎండకు మరిగిన బస్సులో వచ్చి, కరెంటు పోయిన దుకాణంలో కూర్చున్న సీసాలో అన్ని బ్రతికి ఉంటవా అన్నది వేరే ప్రశ్న. వ్యాధినిరోధక శక్తి బాగా క్షీణించిన రోగులు వైద్యుని అడగకుండా వీటిని తీసుకోరాదు. నెలలు నిండకుండా పుట్టి ఆసుపత్రిలో ఉన్న శిశువులకు వీటిని ఇవ్వడం ప్రమాదమని 2023లో అమెరికా ఔషధ సంస్థ హెచ్చరించింది. మధుమేహానికి మందు వాడేవారు దీనిని నమ్మి ఆ మందును మానడం మరింత ప్రమాదం.

తరగతిలో ఈ పాఠం చెప్పినప్పుడల్లా ఒక విద్యార్థి తప్పక అడుగుతాడు: మజ్జిగ పులుసు ప్రోబయోటిక్ అవుతుందా అని. కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ కలిసి 2001లో చేసిన నిర్వచనం ప్రకారం ప్రోబయోటిక్ అంటే తగినంత పరిమాణంలో తీసుకున్నప్పుడు మేలుచేసే సజీవమైన సూక్ష్మజీవి. పొయ్యిమీద తెర్లిన మజ్జిగలో అవి బ్రతకవు. సున్నపు ధాతువు, మాంసకృత్తు, బి12లో చాలభాగం మాత్రం అందులో మిగిలే ఉంటవి. చక్కెర కలిపిన లస్సీలో బాక్టీరియాలు సజీవంగానే ఉంటవి గాని, గ్లాసుకు నాలుగు చెంచాల చక్కెర కూడ దానితోనే లోపలికి పోతుంది.